అప్రమత్తంగా ఉండమంటే సరిపోదు, ఎక్కడ చూసుకోవాలో రాయండి

సంపాదకుడు గారికి,

వాట్సాప్ గ్రూపుల్లో షేర్ ట్రేడింగ్ పేరుతో జరుగుతున్న మోసాలపై పోయిన వారం మీరు వేసిన కథనం చదివాను. ఎవరెంత పోగొట్టుకున్నారో, పోలీసులు ఏమన్నారో అన్నీ రాశారు, చివర్లో మాత్రం ప్రజలు అప్రమత్తంగా ఉండాలని ఒక్క ముక్కతో ముగించారు. ఎలా ఉండాలండీ అప్రమత్తంగా? సలహా ఇస్తానంటున్న మనిషికి అసలు అనుమతి ఉందో లేదో ఎక్కడ చూడాలో చెప్పడానికి రెండు లైన్లు చాలు కదా.

షేర్ మార్కెట్‌పై నిఘా ఉంచే ప్రభుత్వ సంస్థ సెబీ వెబ్‌సైట్‌లో రిజిస్టర్ అయినవాళ్ల జాబితా ఉంది, ఎవరైనా చూడొచ్చు. పెట్టుబడి సలహాదారు నంబరు ఐఎన్ఏ అని, షేర్లను పరిశీలించి కొనాలో అమ్మాలో చెప్పే రీసెర్చ్ అనలిస్టు నంబరు ఐఎన్‌హెచ్ అని మొదలవుతుంది. నంబరొక్కటే చూసి ఊరుకోకూడదు, వేరేవాళ్ల నంబరు పెట్టుకునే దొంగలూ ఉన్నారు కాబట్టి పేరు కూడా సరిచూసుకోవాలి. డిపాజిట్లు వసూలు చేసే సంస్థల సంగతి తెలుసుకోవడానికి, ఫిర్యాదు చేయడానికి రిజర్వు బ్యాంకు 2016లోనే సచేత్ పోర్టల్ పెట్టింది. పదేళ్లకు పైగా ఎవరూ అడగని బ్యాంకు డిపాజిట్లు వెతుక్కోవడానికి 2023లో ఉద్గమ్ అనే రిజర్వు బ్యాంకు పోర్టల్ వచ్చింది. మా వీధిలో ఎవరినడిగినా ఈ పేర్లు తెలియవు. మా బ్యాంకులో ఉద్గమ్ గురించి అడిగితే కౌంటర్లో ఉన్నాయన మేనేజర్‌ని అడగమన్నాడు, మేనేజర్ గారేమో సెలవులో ఉన్నారు. ఏటా ఆర్థిక అక్షరాస్యత వారం జరుపుతారు, బ్యానర్ కట్టి ఫొటో దిగుతారు, అంతటితో అయిపోతుంది. డిపాజిట్లు వసూలు చేసి ముంచేసిన అగ్రిగోల్డ్‌తో అన్ని లక్షల కుటుంబాలు రోడ్డున పడ్డాక కూడా ఇదే తీరు.

షేర్ల ధర ముందుముందు పెరుగుతుందా తగ్గుతుందా అని పందెంలా సాగే ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో దిగిన చిన్న ట్రేడర్లలో నూటికి 93 మంది నష్టపోయారని, 2022 నుంచి 2024 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఆ నష్టం 1.8 లక్షల కోట్ల రూపాయలు దాటిందని సెబీయే లెక్క తేల్చింది. ఈ మాట మా ఊరి ఇంజనీరింగ్ పిల్లలకు చేరలేదు. వాళ్లకు చేరేది రోజుకు ఐదు వేలు సంపాదించండి అనే వీడియోలే, అవి మాత్రం చక్కటి తెలుగులో ఉంటాయి.

ఇక పెద్దవాళ్ల బాధ వేరు. ఫిక్స్‌డ్ డిపాజిట్ వేద్దామని వెళ్లిన పెన్షనర్ చేత బ్యాంకులోనే బీమాను, మార్కెట్ పెట్టుబడిని కలిపిన యూలిప్ పాలసీ మీద సంతకం పెట్టించి పంపుతున్నారు. అయిదేళ్ల దాకా ఆ డబ్బు చేతికి రాదని ఆయనకు ఇంటికొచ్చాక తెలుస్తుంది. పాలసీ అందిన 30 రోజుల్లోపు వద్దని తిరిగి ఇచ్చేయొచ్చన్న సంగతి అదే బల్ల దగ్గర చెప్పరు, ఎందుకు చెప్పరో అందరికీ తెలుసు. మంత్రులు, అధికారులు సభల్లో డిజిటల్ అంటూ గంటలకొద్దీ మాట్లాడతారు కానీ ఇలాంటి చోట జవాబు చెప్పే మనిషి కనపడడు.

కంపెనీలు తొలిసారి జనానికి షేర్లు అమ్మే ఐపీఓ వార్తలకు మీ బిజినెస్ పేజీలో సగం చోటు ఇస్తున్నారు. అందులో ఓ మూల వారానికోసారి ఈ సైట్ల పేర్లు, వాడే పద్ధతి, ఆన్‌లైన్ మోసంలో డబ్బు పోయిన వెంటనే ఫోన్ చేయాల్సిన 1930 నంబరు పెద్ద అక్షరాల్లో వేయండి. వచ్చే సోమవారం నుంచే మొదలుపెట్టండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
తెనాలి