ఆ మాట కాల్గకస్‌ది కాదు

సంపాదకులకు నమస్కారం.

యుద్ధాల గురించి గత ఆదివారం మీరు రాసిన సంపాదకీయం చదివాను. దాని చివర "ఊళ్లను వల్లకాడు చేసి దానికి శాంతి అని పేరు పెడతారు" అన్న వాక్యం ఇచ్చి, అది బ్రిటన్ నాయకుడు కాల్గకస్ రోమన్ల ముఖం మీదే అన్న మాట అని రాశారు. సంపాదకీయంలోని అభిప్రాయంతో నాకు పేచీ లేదు. ఆ మాట ఎవరిదన్న దగ్గరే పొరపాటు జరిగింది. ముప్పై ఏళ్లు చరిత్ర పాఠాలు చెప్పినదాన్ని, చూసీ చూడనట్టు ఊరుకోలేకపోయాను.

ఆ వాక్యం రాసింది టాసిటస్ అనే రోమన్ చరిత్రకారుడు. కాల్గకస్ సేనను ఓడించిన, బ్రిటన్‌లోని రోమన్ గవర్నరు అగ్రికోలాకు ఆయన స్వయానా అల్లుడు. అగ్రికోలా క్రీ.శ. 93లో చనిపోయాడు. ఐదేళ్ల తర్వాత మామ కీర్తి నిలపడానికి అల్లుడు ఆయన జీవిత చరిత్ర రాశాడు. గ్రాపియస్ కొండ దగ్గర యుద్ధానికి ముందు కాల్గకస్ తన మనుషులతో అన్నట్టుగా ఈ వాక్యం అందులోనే వస్తుంది, అదీ చక్కటి లాటిన్‌లో. శత్రువు నోట గంభీరమైన ప్రసంగం పెట్టడం ఆనాటి చరిత్రకారులకు మామూలే. కాల్గకస్ పేరు ఆ ఒక్క పుస్తకంలో తప్ప ఇంకెక్కడా లేదు. సొంత సామ్రాజ్యాన్ని అంత కటువుగా నిలదీసిన వాక్యం రాసినందుకు టాసిటస్‌ను మెచ్చుకోవలసిందే. కానీ అది ఓడిన వాళ్ల గొంతు అనుకుంటే, వాళ్ల సొంత మాట ఒక్కటీ మిగల్లేదన్న అసలు సంగతి మరుగున పడిపోతుంది.

అగ్రికోలా బ్రిటన్‌లో ఏడు వేసవులు దండయాత్రలు చేశాడు. వచ్చిన ఏడాదే, ఇప్పటి ఉత్తర వేల్స్‌లో ఉండే ఆర్డోవిసీల మీద పడ్డాడు. అంతకుముందు వాళ్లు తమ నేలలో మకాం వేసిన ఒక రోమన్ అశ్వదళాన్ని దాదాపు తుడిచిపెట్టారు. దానికి బదులుగా గవర్నరు ఆ తెగనంతా ఇంచుమించు నరికేశాడు. ఈ ముక్క టాసిటస్ ఒక్క వాక్యంలో చెప్పి, వెంటనే మోనా (ఇప్పటి ఆంగ్లెసీ) దీవిని పట్టిన కథలోకి వెళ్లిపోతాడు. ఒక తెగ చావుకు ఆ పుస్తకంలో దక్కిన చోటు అంతే. తరగతిలో ఇది చదివి వినిపించినప్పుడు పిల్లలు "అంతేనా టీచర్?" అని అడిగేవారు.

గ్రాపియస్ కొండ దగ్గర కాల్గకస్ మనుషులు, అంటే ఇప్పటి స్కాట్లాండ్ వైపు ఉండే కాలిడోనియన్లు, 30 వేల మందికి పైగా చేరారని, వాళ్లలో 10 వేల మంది చనిపోయారని, రోమన్ల వైపు పోయింది 360 మందేనని ఆయన లెక్క. గెలిచినవాడి అల్లుడు వేసిన లెక్క అది. ఆ కొండ ఎక్కడుందో ఈనాటికీ ఎవరూ తేల్చలేదు. ముందు వరుసలో పోరాడినవాళ్లు కూడా రోమన్లు కారు. రైన్ నది ప్రాంతాల నుంచి తెచ్చిన బటావియన్లు, టుంగ్రియన్లు. అసలు రోమన్ దళాలను వెనక నిలబెట్టారు. రోమన్ రక్తం చిందకుండా గెలిస్తే కీర్తి ఎక్కువని టాసిటస్ దాచుకోకుండా రాశాడు. కంపెనీ సిపాయిల చరిత్ర చదివిన మనకు దీన్ని ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

కొన్నేళ్ల కిందట ఎడిన్‌బరో మ్యూజియంలో ఒక ఇనుప మేకు చూశాను. జానెడు పొడవు, నలుపలకల ఒళ్లు, తల మీద సుత్తి దెబ్బలకు అనువుగా చిన్న గోపురం. స్కాట్లాండ్‌లోని టే నది ఒడ్డున ఇంచ్‌టుథిల్ దగ్గర ఆ దండయాత్రల రోజుల్లోనే మొదలుపెట్టిన రోమన్ కోటలో దొరికింది. కట్టడం పూర్తికాకుండానే, క్రీ.శ. 87 ప్రాంతంలో, సైన్యం ఆ కోటను తామే విప్పేసి దక్షిణానికి మళ్లిపోయింది. పోతూ పోతూ 8,75,000కు పైగా మేకులను గోతిలో పోసి పూడ్చింది. ఆ ఇనుము తెగల చేతికి చిక్కితే కత్తులు, ఈటె మొనలు అవుతాయన్న భయంతోనే అలా చేశారని పురాతత్వ శాస్త్రవేత్తలు అంటారు. 1960లో తవ్వితే, పైపొర తుప్పు పట్టి గడ్డకట్టడం వల్ల లోపలివి చాలావరకు కొత్తవాటిలా బయటపడ్డాయి. ఆ అద్దాల పెట్టె ముందు చాలాసేపు నిలబడ్డాను. పదివేల మందిని చంపి గెలిచామని రాసుకున్నవాళ్లు, మిగిలినవాళ్లకు ఒక్క మేకు కూడా దొరకకూడదని జాగ్రత్తపడ్డారు. ఆ తెగలు ఎంత బలంగా నిలబడ్డాయో నాకు కాల్గకస్ ప్రసంగం కంటే ఆ మేకే గట్టిగా చెప్పింది.

ఇక పిల్లల పేజీ సంగతి. "బ్రిటన్‌కు నాగరికత నేర్పిన గవర్నరు" అని కిందటి నెల అగ్రికోలా గురించి వేశారు. ఆయన గుళ్లు, సంతవీధులు, ఇళ్లు కట్టుకోమని ప్రోత్సహించిన మాట, దొరల పిల్లలకు రోమన్ చదువు చెప్పించిన మాట నిజమే. అయితే టాసిటస్ పుస్తకంలో ఆ అధ్యాయం అక్కడితో ఆగదు. తెలియనివాళ్లు దాన్ని నాగరికత అనుకున్నారు గాని అది వాళ్ల దాస్యంలో ఒక భాగమేనని ఆ అల్లుడే రాశాడు. మీ పేజీలో ఆ సగం రాలేదు.

ఆ సగం మనకు అవసరం. 1838లో ఈస్టిండియా కంపెనీ అధికారి చార్లెస్ ట్రెవెల్యన్ భారతీయుల చదువు గురించి పుస్తకం రాస్తూ, బ్రిటన్ పెద్దింటి కొడుకులకు అగ్రికోలా రోమన్ విద్య నేర్పించిన తీరును ఆదర్శంగా చూపించాడు. ఒకప్పుడు రోమన్ల ముందు తాము ఎలా ఉన్నామో, భారతీయులు తమ ముందు అలా ఉండాలని ఆశపడ్డాడు. ఆయన మెకాలే చెల్లెలి భర్త. 1859లో మద్రాసు గవర్నరుగా వచ్చాడు. మన కోస్తా జిల్లాలు, రాయలసీమ అప్పుడు ఆయన ఏలుబడిలోనే ఉన్నాయి. కాబట్టి అగ్రికోలా కథ మన పిల్లలకు దూరదేశపు ముచ్చట కాదు.

ఆ వాక్యం కింద టాసిటస్ పేరు వేసి సవరణ ప్రచురించండి. పిల్లల పేజీలో ఆ అధ్యాయం రెండో సగం కూడా, ఆర్డోవిసీల పేరుతో సహా, వేయండి. స్థలం చాలదంటే నా ఈ లేఖను సగానికి కుదించినా నాకు అభ్యంతరం లేదు.

— ఒక విశ్రాంత చరిత్ర ఉపాధ్యాయురాలు, రాజమహేంద్రవరం