ఫైనల్ తెచ్చాక ఏ పని?

సంపాదకుల వారికి నమస్కారం.

జీడిమెట్లలో ఒక మందుల ప్యాకింగ్ యూనిట్లో షిఫ్ట్ ఇన్‌ఛార్జిగా చేస్తున్నాను. దెబ్బ తగిలో, జబ్బు చేసో ఇంట్లో ఉన్నవాళ్లు మళ్లీ డ్యూటీకి వస్తే మా గేటు దగ్గర ముందు అడిగేది, "ఫైనల్ తెచ్చావా?" అని. ఈఎస్ఐ, అంటే కార్మికుల బీమా, డాక్టరు ఇచ్చే ఆఖరి సర్టిఫికెట్ అది. ఫలానా తేదీ నుంచి పనికి ఫిట్ అని ఉంటుంది. ఏ పనికి అన్నది మాత్రం ఉండదు.

మా కార్టన్ సెక్షన్ కుర్రాడొకడు డ్యూటీకి వస్తూ షాపూర్‌నగర్ దగ్గర బండి మీంచి పడ్డాడు. కాల్లో రాడ్డు వేశారు. డ్యూటీకి వచ్చేటప్పుడు, పోయేటప్పుడు జరిగే ప్రమాదాన్ని కూడా పనిలో తగిలిన దెబ్బ కిందే లెక్కవేసేలా 2010లో ఈఎస్ఐ చట్టం మార్చారు. ఇది చాలామందికి తెలియదు. మామూలు జబ్బు కింద రాయించుకుంటే జీతంలో 70 శాతం, దెబ్బ కింద అయితే 90 శాతం వస్తుంది. ఆ డబ్బు కుర్రాడికి అందింది. తంటా అంతా ఫైనల్ తెచ్చాకే. వచ్చిన రోజే లోడింగ్‌లో వేశారు. టీ టైముకి బూటు విప్పితే చీలమండ ఉబ్బిపోయి, సాక్సు అంచు పడ్డ చోట గాడి దిగి ఉంది. "ఏం లేదు సార్, అలవాటైపోతది" అంటాడు. నొప్పి అంటే ఇంటికి పంపేస్తారని భయం.

మర్నాటి నుంచి అతన్ని ఇన్‌స్పెక్షన్ టేబుల్ దగ్గర స్టూలు మీద కూర్చోబెట్టాను. స్ట్రిప్పుల్లో ఖాళీ గళ్లు, పగిలిన మాత్రలు పట్టుకునే పని. పని ఆగలేదు, అతనూ నాగా పెట్టలేదు. పైనుంచి మాత్రం మాట వచ్చింది: ఒకడికి స్టూలేస్తే అందరూ అడుగుతారు! అడగరండీ. షిఫ్టంతా స్ట్రిప్పులు చూస్తే తల తిరిగిపోతుంది. మావాళ్లలో చాలామంది దానికన్నా లోడింగే నయమంటారు.

ప్రభుత్వ ఉద్యోగికైతే 2016 దివ్యాంగుల హక్కుల చట్టం అండ ఉంది. సర్వీసులో ఉండగా వైకల్యం వస్తే తీసేయకూడదు, అదే జీతం స్కేలుతో వేరే పోస్టులో వేయాలి. రంగులు గుర్తుపట్టలేడని పంపేసిన ఒక ఆర్టీసీ డ్రైవరుకు వేరే ఉద్యోగం ఇవ్వాల్సిందేనని 2025లో సుప్రీంకోర్టు తీర్పు కూడా చెప్పింది. ప్రైవేటు ఫ్యాక్టరీకి ఆ నిబంధన వర్తించదు. ఇక నాలుగైదు నెలల్లో బాగయ్యే కాలుకి వైకల్యం సర్టిఫికెట్ ఎవరిస్తారు?

ఫైనల్ మీద డాక్టరు ఇంకో రెండు లైన్లు రాస్తే చాలు. ఎన్ని కిలోల వరకు ఎత్తవచ్చు, ఎంతసేపు నిలబడవచ్చు, ఎన్ని వారాల పాటు అని. ఆ కాగితం చేతిలో ఉంటే నాలాంటి వాళ్లు మేనేజరుతో గట్టిగా మాట్లాడగలరు. ఇప్పుడు స్టూలు వేయాలంటే నా సొంత పూచీ మీద వేయాల్సిందే. ఈఎస్ఐ కార్పొరేషన్ ఆ లైన్లకు ఫారంలోనే చోటు పెట్టాలి, వాటిని పాటిస్తున్నారో లేదో కార్మిక శాఖ వాళ్లు తనిఖీకి వచ్చినప్పుడు అడగాలి.

కాంట్రాక్టు వాళ్ల పరిస్థితి ఇంకా అన్యాయం. ఫైనల్ పట్టుకొచ్చేసరికి వాళ్ల చోట్లో ఇంకొకరు ఉంటారు. సెక్యూరిటీ గార్డే ఆ సంగతి చెప్పి వెనక్కి పంపేస్తాడు. వాళ్ల సర్టిఫికెట్ కాపీ కాంట్రాక్టరుకే కాకుండా, పని చేయించుకునే కంపెనీకి కూడా నేరుగా చేరే ఏర్పాటు చేయాలి.

— ఒక షిఫ్ట్ ఇన్‌ఛార్జి, జీడిమెట్ల, హైదరాబాద్