పగుళ్ల పరీక్ష చేయకుండా ఏ ప్రొపెల్లరూ తిరిగివ్వం

ఫిషింగ్ హార్బర్ బోటు యజమానులకు, డ్రైవర్లకు నమస్కారం. ఏప్రిల్ 15న మొదలైన వేట నిషేధం జూన్ 14తో ముగుస్తుంది. "మా ప్రొపెల్లర్ ఎప్పుడిస్తావు?" అని రోజూ ఫోన్లు వస్తున్నాయి. ఉన్నదున్నట్టు చెబుతాను. మా ప్రొపెల్లర్ రిపేరు షెడ్డులో ఉన్న పనంతా ఆ తేదీకి పూర్తికాదు. మే నెలాఖరు తర్వాత తెచ్చినవాళ్లకు ఆలస్యమవుతుంది.

అడిగినవాళ్లకే చేసే పగుళ్ల పరీక్షను ఈ సీజన్ నుంచి అందరికీ తప్పనిసరి చేశాం. నాచు, గుల్లలు గీకేసి, రెక్కలు శుభ్రంగా తుడిచి, ఎర్ర రంగు ద్రావకం స్ప్రే చేస్తాం. అది ఇంకేదాకా ఆగి, పైరంగంతా తుడిచేసి తెల్ల పూత కొడతాం. పగులుంటే అందులో దాగిన ఎరుపు తెలుపు మీదకి ఊరుతుంది. మొన్న ఒక నాలుగు రెక్కల ప్రొపెల్లర్ సుత్తితో తడితే ఖంగుమనే మోగింది, కంటికీ ఏమీ ఆనలేదు. తెల్ల పూత ఆరేసరికి బొడ్డు (రెక్కలన్నీ కలిసే నడిమి భాగం) దగ్గర, రెక్క మొదట్లో, బొటనవేలు పొడవున ఎర్ర గీత తేలింది.

రెక్క చివర వంగితే వేడిచేసి సరిచేస్తాం. అంచు విరిగితే వెల్డింగ్‌తో నింపుతాం. రెక్క మొదలు దగ్గర పగిలితే మాత్రం ఎంత బతిమాలినా వెల్డింగ్ చెయ్యం. భారమంతా పడేది అక్కడే. అతుకు పైకి నున్నగానే కనిపిస్తుంది. వల లాగుతుండగా రెక్క ఊడితే బోటు అదిరిపోయి, బేరింగు దెబ్బతిని, షాఫ్టు (ప్రొపెల్లర్‌ను తిప్పే ఇరుసు) గొట్టంలోంచి నీళ్లు లోపలికి రావచ్చు. ఆ బోటులో ఏడెనిమిది మంది కళాసీలు ఉంటారు. అలాంటి పని డబ్బు మాకొద్దు.

ఇంకొకటి. ఆకురాయితో గీస్తే పసుప్పచ్చగా మెరవాల్సిన ఇత్తడి ప్రొపెల్లర్ రాగిరంగు తేలుతోందంటే, ఉప్పునీరు అందులోని జింకును తినేసిందన్నమాట. అంతదాకా వస్తే కొత్తది వేయడమే మేలు. ఆ తినివేతను తన మీద వేసుకోవడానికే బోటు అడుగున జింకు దిమ్మ బిగిస్తాం. సగం అరిగితే మార్చేయండి. అడుగుకు రంగు వేయించేటప్పుడు మాత్రం దిమ్మ మీద పెయింట్ పడనివ్వకండి, పడితే అది ఉండీ లేనట్టే. పెయింటర్లకు ఈ మాట మీరే చెప్పాలి.

పరీక్షకు విడిగా డబ్బు తీసుకుంటాం, మిగతా పనుల రేట్లు పెంచలేదు. తెల్ల పూత వేసేటప్పుడు మీరో, మీ డ్రైవరో దగ్గరుండి చూసుకోవచ్చు. పరీక్షతో సహా పని పూర్తయ్యేదాకా ఆగలేమనుకుంటే ఇప్పుడే చెప్పండి, పని మొదలుపెట్టనివాటికి అడ్వాన్సు మొత్తం తిరిగిచ్చేస్తాం.