క్రాస్ ఓటు వేసినవాడు ద్రోహేనా?

సంపాదకులకు నమస్కారం.

పోయిన వారం ఈ పేజీలో బరంపురం పాఠకుడొకరు రాసిన ఉత్తరం చదివాను. ఎంపీ ఓటు ఒక గుర్తుకి, ఎమ్మెల్యే ఓటు ఇంకో గుర్తుకి వేసేవాళ్లు తిన్నింటి వాసాలు లెక్కపెట్టే రకమని ఆయన తేల్చేశారు. జెండా మోసినవాడు చచ్చేదాకా ఆ గుర్తుకే నొక్కాలట. ఆ మాట నాకు కాస్త గట్టిగానే గుచ్చుకుంది. ఇరవయ్యేళ్లు ఒక పార్టీకి పోలింగ్ ఏజెంటుగా కూర్చున్నవాణ్ని. ఆ కుర్చీలోంచే లేచి వెళ్లి ఒకసారి నా ఎమ్మెల్యే ఓటు అవతలి పార్టీకి వేసి వచ్చాను.

ఏ పార్టీ నుంచి ఏ పార్టీకో రాయను. మొదటి సగం మా వీధి మొత్తానికీ తెలుసు. రెండో సగం మా ఆవిడకి కూడా తెలియదు.

మాది ఒడిశాలో గజపతి జిల్లా పర్లాకిమిడి. సరిహద్దు దాటితే ఆంధ్రలో పాతపట్నం. 2019లోనూ 2024లోనూ అటూ ఇటూ ఒకే రోజున పోలింగ్ జరిగింది. మా ఇళ్లలో పార్టీ అంటే ఇంటిపేరు లాంటిది. మా అత్తగారికి ఒడియా చదవడం రాదు, తెలుగూ అంతంత మాత్రమే. ఆవిడకి ఓటంటే గుర్తే. 2015 నుంచి ఓటింగ్ మిషన్ మీద గుర్తు పక్కన అభ్యర్థి ఫోటో కూడా వేస్తున్నారు. "ఈ మొహం ఎందుకు నాయనా మధ్యలో?" అని ఆవిడ మొదట్లో విసుక్కుంది. నేనూ చాలాకాలం అలాగే ఉండేవాణ్ని. మొహం చూడకుండా నొక్కేవాణ్ని.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గాలి కంటే దాని వెనకే వచ్చిన వాన మా జిల్లాని ఎక్కువ దెబ్బతీసింది. కొండచరియలు విరిగిపడి మనుషులు పోయారు. మా వీధికి కరెంటు లేదు, తాగునీళ్లు లేవు. రెండో రోజు పొద్దున్నే ఎదుటి పార్టీ కుర్రాడొకడు ట్రాలీ ఆటోలో అటుకులు, బెల్లం, కొవ్వొత్తులు వేసుకుని వచ్చాడు. మా గుమ్మం పక్కన మా పార్టీ జెండా ఎప్పుడూ ఉంటుంది. ఆ రోజు గుడ్డ ఎగిరిపోయి ఒట్టి కర్ర మిగిలింది. కుర్రాడు ఆ కర్రని చూశాడు, నన్ను చూశాడు, "ఇంట్లో ఎంతమంది బాబాయ్?" అని మాత్రం అడిగాడు. మా పార్టీ నాయకుడు నాలుగో రోజు వచ్చాడు, వెంట ఫోటోలు తీసేవాణ్ని పెట్టుకుని.

అటుకుల పొట్లానికి ఓటు మార్చుకున్నావా అని అడగొచ్చు. నేనే నన్ను అడిగాను. నిజానికి నన్ను కదిలించింది అది కాదు. తరవాత ఒక పార్టీ మీటింగులో, మా వీధిలో ఇళ్లు పడిపోయినవాళ్ల పేర్లు సాయం జాబితాలో ఎందుకు లేవని లేచి అడిగాను. ముందు వరసలో కూర్చున్న పెద్దమనిషి తల తిప్పకుండానే అన్నాడు: "మీ వీధి ఓట్లు ఎక్కడికి పోతాయయ్యా, మనవే కదా. ముందు అటూ ఇటూ ఊగేవాళ్ల పని చూద్దాం." అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక నవ్వు రాలేదు. మనం ఎటూ పోమని తెలిసినవాడు మన గడప ఎందుకు తొక్కుతాడు?

తుపాను వచ్చిన సరిగ్గా ఆరు నెలలకి, 2019 ఏప్రిల్ 11న పోలింగ్. ఒడిశాలో లోక్‌సభకి, అసెంబ్లీకి ఒకేసారి జరుగుతాయి కాబట్టి బూత్‌లో రెండు మిషన్లు ఉంటాయి. తెల్లవారకుండానే వెళ్లి మాక్ పోల్ (అసలు పోలింగ్‌కి ముందు మిషన్‌ని పరీక్షించే ఉత్తుత్తి ఓటింగ్) చూశాను, సంతకాలు పెట్టాను, లిస్టు ముందేసుకుని కూర్చున్నాను. జనం పలచబడ్డాక లేచి నా ఓటు వేశాను. ఎంపీ ఓటు మా గుర్తుకే. ఢిల్లీ విషయాల్లో మా పార్టీ మాట మీద నాకు పేచీ లేదు, ఇప్పటికీ లేదు. రెండో మిషన్ దగ్గర మొహాలు చూశాను, మొదటిసారి. ఓటు ఏ గుర్తుకి పడిందో చూపే వీవీప్యాట్ చీటీ అద్దం వెనక ఏడు సెకన్లు కనబడుతుంది. తొంగిచూసేవాళ్లెవరూ లేకపోయినా దానికి అడ్డంగా నిలబడ్డాను. మళ్లీ వచ్చి మా పార్టీ కుర్చీలోనే కూర్చున్నాను. ఆ సాయంత్రం దాకా మెడ కింద చెమట ఆరలేదు.

నా ఒక్కడి సంగతి అయితే ఈ ఉత్తరం రాసేవాణ్ని కాదు. ఆ ఏడాది ఒడిశాలో బీజేపీకి 8 లోక్‌సభ స్థానాలు వచ్చాయి. ఒక్కో లోక్‌సభ స్థానం కింద 7 అసెంబ్లీ స్థానాలు, అంటే 56 స్థానాల మేర. అసెంబ్లీకి మాత్రం ఆ పార్టీ నుంచి 23 మందే గెలిచారు. కేంద్రానికి ఒకరు, భువనేశ్వర్‌కి అప్పటి ముఖ్యమంత్రి నవీన్ పట్నాయక్ అని లక్షలమంది విడివిడిగా ఆలోచించుకున్నారు. 2024లో నవీన్ పార్టీ బీజేడీ (బిజూ జనతా దళ్) "జోడి శంఖ" అని, రెండు ఓట్లూ తమ గుర్తు శంఖానికే వెయ్యండని ఊరూరా చెప్పిందంటే, జనం విడదీసి వేస్తున్నారని వాళ్లకి తెలిసే కదా.

మా పర్లాకిమిడి తీరు ఇంకా తమాషా. 2019లో రాష్ట్రమంతా బీజేడీ గాలి వీస్తే ఇక్కడ బీజేపీ ఎమ్మెల్యే గెలిచారు. 2024లో రాష్ట్రం బీజేపీకి 78 సీట్లిచ్చి ఇరవై నాలుగేళ్ల నవీన్ ప్రభుత్వాన్ని దించితే, ఇక్కడ బీజేడీ గెలిచింది. మా పక్క మోహనా నియోజకవర్గం రెండుసార్లూ కాంగ్రెస్‌నే గెలిపించింది. వీళ్లందర్నీ ద్రోహులనాలంటే గజపతి జిల్లాకి ఒక పెద్ద జైలు కట్టాలి.

ఇక ఆ పాఠకుడి సొంత ఊరి సంగతే చూద్దాం. 2019లో బరంపురం లోక్‌సభకి బీజేపీ నుంచి నిలబడ్డ భృగు బక్షిపాత్ర 2024లో బీజేడీ అభ్యర్థి. గోపాలపూర్‌లో బీజేడీ ఎమ్మెల్యేగా గెలిచిన ప్రదీప్ పాణిగ్రాహి 2024లో బీజేపీ అభ్యర్థి, ఎంపీ అయిందీ ఆయనే. 2019లో బీజేడీ ఎంపీ అయిన చంద్రశేఖర్ సాహు ఒకప్పుడు కాంగ్రెస్ ఎంపీ, కేంద్రంలో సహాయమంత్రి. బీజేడీ ఎంపీగా రెండుసార్లు చేసిన సిద్ధాంత్ మహాపాత్ర ఇప్పుడు దిగపహండిలో బీజేపీ ఎమ్మెల్యే. వాళ్ల కారణాలు వాళ్లకుంటాయి, తప్పుపట్టడం లేదు. కానీ 2024లో బరంపురంలో నిఖార్సైన బీజేడీ ఓటరు తన గుర్తుకే వేశాడంటే, అయిదేళ్ల క్రితం తాను ఓడించిన మనిషికి వేసినట్టు. నిఖార్సైన బీజేపీ ఓటరు వేసింది నిన్నటిదాకా శంఖం పట్టుకున్న మనిషికి. అక్కడ గీత ఎవరు దాటినట్టు? ఫిరాయింపుల నిరోధక చట్టం 1985లో వచ్చింది, అదీ గెలిచిన సభ్యులకే. ఓటరుకి అలాంటి చట్టం లేదు. ఉండకూడదు కూడా.

అలాగని ప్రతి దాటుడూ గొప్పదని నేననను. బరంపురంలో మా మేనమామకి కాంగ్రెస్ పేరెత్తితేనే చిరాకు. 1996లో పీవీ నరసింహారావు అక్కడ పోటీ చేస్తే "మన తెలుగాయన" అని ఉత్సాహంగా హస్తానికి వేసి వచ్చాడు. పీవీ నంద్యాలలోనూ గెలిచి, దాన్ని వదులుకుని బరంపురాన్నే ఉంచుకున్నారు కాబట్టి మావయ్య చాలాకాలం మీసం మెలేశాడు. నాకైతే ఆ కారణం చాలదనిపిస్తుంది. భాష ఒక్కటే చూసి వేస్తే రేపు ఒడియావాళ్లూ అదే చేస్తారు. డబ్బు తీసుకుని గుర్తు మార్చేవాళ్ల గురించి ఇక్కడ రాయడం కూడా దండగ.

పార్టీని పట్టుకుని ఉండేవాళ్లని వెర్రివాళ్లనీ అనను. గెలిచినా ఓడినా జెండా కట్టేవాళ్లు పదిమంది లేకపోతే ఏ పార్టీకీ రేపు లేదు. అందరూ గోడ మీద పిల్లులైతే ఓడిన పార్టీ తేరుకునేదెలా? నేను ఆ ఎన్నిక తరవాత కూడా మీటింగులకి వెళ్లాను, చందా ఇచ్చాను. ఒక ఓటు అవతలికి వేసినంత మాత్రాన ఇల్లు మారినట్టు కాదు. అలిగి ఒక పూట అన్నం మానేసినట్టు. ఇంట్లోవాళ్లకి అది తెలియాలి కూడా.

తెలిసింది. లెక్కింపు అయ్యాక బూత్‌వారీ కాగితం పార్టీ ఆఫీసుకి వచ్చింది. మా బూత్‌లో మా ఎంపీ ఓట్లకీ ఎమ్మెల్యే ఓట్లకీ తేడా ఉంది, ఒకటీ రెండూ కాదు. "ఎవడు చేశాడీ పని?" అని అడిగారు. నేనూ తలాడించి "ఎవడో" అన్నాను. అయితే అంతమంది చేశారని నాకు తెలిసింది అప్పుడే. ఆ తరవాతి వారమే మా వీధి కాలవ పూడిక తీయడానికి మనుషులొచ్చారు. అదే సమయంలో, మా వెనక వీధి వాళ్లకి మాత్రం "మీ బూత్ లెక్క చూశాం" అని బెదిరింపు కూడా వచ్చింది.

అసలు నేను ఉత్తరం రాసింది ఇందుకే. ఓటు రహస్యమంటాం, బూత్ లెక్క మాత్రం వీధి పేరుతో సహా బయటపడుతుంది. బ్యాలెట్ కాగితాల రోజుల్లో బూత్‌ల ఓట్లు కలిపేసి లెక్కించే వీలుండేది. మిషన్లకీ ఆ పని చేసిపెట్టే టోటలైజర్ అనే యంత్రం ఉంది. 14 బూత్‌ల మొత్తం ఒకేసారి చూపిస్తుంది. 2008లోనే ఎన్నికల సంఘం దాన్ని వాడదామని అడిగింది, 2015లో లా కమిషన్ సరేనంది, కేంద్ర ప్రభుత్వం ఒప్పుకోలేదు. మా కాలవ కథ విన్నవాళ్లు బూత్ లెక్క ఉంటేనే మంచిదంటారేమో. వెనక వీధి వాళ్లని అడగండి.

2027లో మాకు పంచాయతీ ఎన్నికలు. పల్లెల్లో ఒక్కొక్కరూ నాలుగు ఓట్లు వేస్తారు: వార్డు మెంబరు, సర్పంచ్, సమితి సభ్యుడు, జిల్లా పరిషత్ సభ్యుడు. పార్టీ గుర్తు ఉండేది చివరిదానికే. మిగతా మూడింటికీ మనిషిని చూసే వేస్తున్నవాళ్లని, నాలుగోది మాత్రం కళ్లు మూసుకుని వెయ్యమని ఆ బరంపురం పాఠకుడు ఎలా చెబుతారో, వీలైతే ఈ పేజీలోనే రాయమనండి. చదువుతాను.

పేరు వెయ్యవద్దని మనవి.

— ఒక మాజీ పోలింగ్ ఏజెంటు, పర్లాకిమిడి, గజపతి జిల్లా