విద్యార్థి సాంస్కృతిక సంఘం, అనంతపురం: 2024–25 వార్షిక నివేదిక

గౌరవ అధ్యక్షుల వారికి, కార్యవర్గానికి, సభ్యులందరికీ నమస్కారం.

సంఘం ఎందుకు పెట్టుకున్నామో అందరికీ తెలుసు కాబట్టి నేరుగా పనుల్లోకి వస్తాను. జూన్ 21న యోగా దినోత్సవం, ఆగస్టు 29న గిడుగు రామమూర్తి గారి జయంతికి తెలుగు భాషా దినోత్సవం ఎప్పటిలాగే జరిపాం. కొత్తగా చేరిన విదేశీ విద్యార్థులకు వచ్చిన 14 రోజుల్లో చేయించుకోవాల్సిన ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓ (విదేశీయుల ప్రాంతీయ నమోదు కార్యాలయం) రిజిస్ట్రేషన్ పెద్ద టెన్షన్. మన సీనియర్లు హాస్టల్ గదుల్లోనే ల్యాప్‌టాప్‌లు ముందేసుకుని, ఒక్కో కాగితం స్కాన్ చేసి ఎక్కించారు. స్టేజీ మీద కనిపించే పని కాదిది. అందుకే మొదటి కృతజ్ఞతలు వాళ్లకే.

సెప్టెంబర్ 11 ఇథియోపియా వాళ్ల కొత్త సంవత్సరం. వాళ్ల లెక్కలో ఆ రోజు 2017 మొదలైంది. అమ్మాయిలు పచ్చి కాఫీ గింజల్ని మన ముందే పెనం మీద వేయించి, దంచి, సన్న మెడ మట్టి కూజాలో కాచి పోశారు. మొదటి విడత తాగి లేవబోయిన వాళ్లను మళ్లీ కూర్చోబెట్టారు. మూడు విడతలూ తాగితేనే మర్యాదట. నవంబర్ 17న అంతర్జాతీయ విద్యార్థి దినోత్సవం సెమిస్టర్ పరీక్షల వల్ల పెట్టలేకపోయాం.

ఇక ఫిబ్రవరి 21. అంతర్జాతీయ మాతృభాషా దినోత్సవం ఈ ఏడాది మన సంఘం గర్వంగా చెప్పుకోవాల్సిన కార్యక్రమం. 1952లో అదే తేదీన ఢాకాలో బంగ్లా భాష కోసం రోడ్డెక్కిన విద్యార్థుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. 1999లో యునెస్కో ఆ రోజును గుర్తించింది. ఈ సంగతి ఏటా మనమే మైకులో చదివేవాళ్లం. ఈసారి బంగ్లాదేశ్ విద్యార్థే ముందు తన భాషలో, తర్వాత ఇంగ్లీషులో చెప్పాడు. తేడా అందరికీ తెలిసింది.

ఆ తర్వాత నిమ్మలకుంట కళాకారుల తోలుబొమ్మలాట. వేదిక మీద తెలుగులో పద్యం పాడే ఆ కుటుంబాలు ఇంట్లో మాట్లాడుకునేది మరాఠీకి దగ్గరైన ఆరె భాష. మాతృభాషా దినోత్సవానికి వాళ్లను పిలవడం వెనక మా ఉద్దేశం అదే. లంకాదహనం ఆడారు. మధ్యలో నవ్వించే పాత్రలు జుట్టుపోలిగాడు, బంగారక్క తెర మీదికి రాగానే తెలుగు ముక్క రాని పిల్లలు కూడా పగలబడి నవ్వారు. ఆట అయ్యాక పెద్దాయన అందరినీ తెర వెనక్కి రానిచ్చారు. పలచగా గీకిన మేకతోలు, దాని మీద ఎరుపు, నలుపు రంగులు, నగల చోట సన్నటి చిల్లులు. దీపం ముందు పెడితే ఆ చిల్లుల్లోంచి వెలుతురు వచ్చి హనుమంతుడి హారం మెరిసింది. తమ జావాలోనూ తోలుబొమ్మలతో రామాయణం ఆడతారని ఇండోనేషియా విద్యార్థి ఆయనకు ఫోన్లో చూపించాడు. ఇద్దరూ నేల మీదే కూర్చుని బొమ్మల కీళ్లు ఎలా కడతారో చాలాసేపు చూసుకున్నారు.

భోజనంలో రాగి సంగటి, శెనక్కాయల ఊరిబిండి. రాగులు వేల ఏళ్ల కిందట తూర్పు ఆఫ్రికా ఎత్తైన ప్రాంతాల నుంచే మన దేశానికి వచ్చాయి. ఇథియోపియా పిల్లలు రెండోసారి సంగటి ముద్ద అడిగి పెట్టించుకుంటుంటే మాకు పడ్డ శ్రమంతా మర్చిపోయినట్టయింది.

శ్రమ ఎందుకన్నానంటే, నెల ముందు పెట్టిన అర్జీకి ఆడిటోరియం అనుమతి ముందురోజు సాయంత్రం వచ్చింది. తోలుబొమ్మలాటకు చీకటి కావాలి. పక్క మైదానం ఫ్లడ్‌లైట్లు ఆపించడానికి ఎవరి సంతకం కావాలో చెప్పేవాళ్లే లేకపోయారు. చివరికి వాచ్‌మన్ అన్న తన పూచీ మీద ఆపాడు. వాలంటీర్ల సంగతీ చెప్పాలి. గ్రూపులో వస్తామని బొటనవేలు గుర్తు పెట్టిన వాళ్లలో కుర్చీలు మోయడానికి వచ్చింది గుప్పెడు మందే. ఫొటోల టైముకు మాత్రం స్టేజీ నిండిపోయింది. రాలేకపోతే ముందే చెప్పండి, వేరేవాళ్లను చూసుకుంటాం. ఈ మాట బాధతోనే రాస్తున్నాను.

ఈసారి మార్చి 30న ఉగాది, మర్నాడే రంజాన్. మెస్‌లో వరసగా రెండు రోజులు ఓళిగలు, సేమ్యా పాయసం. ఆఫ్ఘన్, టాంజానియా విద్యార్థులు ఉగాది పచ్చడి దగ్గర వడ్డనకు నిలబడ్డారు.

జమాఖర్చులు కోశాధికారి గారు చదువుతారు. వచ్చింది వచ్చినట్టే ఖర్చయింది, అప్పు లేదు. బిల్లులన్నీ ఫైల్లో ఉన్నాయి.

వంట మాస్టర్లకు, హాస్టల్ వార్డెన్ గార్లకు, సౌండ్ డబ్బులు సగమే తీసుకున్న మైక్‌సెట్ అన్నకు, చెక్కభజన నేర్పిన గురువు గారికి, ఇంటి నుంచి ఊరగాయ జాడీలు పంపిన డేస్కాలర్ల తల్లులకు పేరుపేరునా కృతజ్ఞతలు.

సభ ముందు రెండు ప్రతిపాదనలు పెడుతున్నాను. విదేశీ విద్యార్థులను ఇంతకాలం పాటకు, దుస్తులకు పిలిచాం, నిర్ణయాలకు పిలవలేదు. వచ్చే కార్యవర్గంలో వాళ్లకు రెండు స్థానాలు ఇవ్వాలి. వేసవి సెలవుల్లో ఇళ్లకు వెళ్లలేని వాళ్ల కోసం ఒక హాస్టల్ మెస్ అయినా తెరిచి ఉంచాలని సంఘం తరఫున అర్జీ పెట్టాలి. అర్జీ రాసి తెచ్చాను. సంతకాల కాగితం తలుపు పక్క బల్ల మీద ఉంది.

ఇట్లు,
కార్యదర్శి