తోడు వచ్చిన పిల్లవాడు

తెనాలి,
16 నవంబర్ 2025.

చిరంజీవి హారికకు నాన్న ఆశీస్సులు.

పదహారేళ్ళకే ఓటు హక్కు ఇవ్వాలా వద్దా అని మీ కళాశాలలో చర్చ పెట్టారనీ, వద్దనేవారి పక్షాన నీ పేరు రాశారనీ, నీ అభిప్రాయం కూడా అదేననీ నిన్న ఫోనులో చెప్పావు. "నాన్నా, మాకు బోటనీ, జువాలజీ తప్ప ఏం తెలుసు? మాకు ఓటు ఇస్తే ఎవరు గట్టిగా చెబితే వాళ్ళకే వేస్తాం" అన్నావు. స్టడీ అవర్‌కు గంట కొట్టారని వెంటనే ఫోను పెట్టేశావు గనుక, అప్పుడు చెప్పలేకపోయిన మాటలు ఇలా రాస్తున్నాను.

2024 మే 13న నేను ప్రిసైడింగ్ అధికారిగా వెళ్ళిన పోలింగ్ కేంద్రంలో జరిగిన ఒక సంగతి నీకెప్పుడూ చెప్పలేదు. పొద్దున పది దాటాక, చూపు పోయిన ఒక ముసలమ్మను చెయ్యి పట్టుకుని ఆమె మనుమడు లోపలికి తీసుకువచ్చాడు. ఓటరు చీటీ, ఆధార్ కార్డు అతని జేబులోనే ఉన్నాయి. జాబితాలో ఆమె వరుస సంఖ్యను మా పోలింగ్ అధికారి వెతికేలోగా అతనే చెప్పాడు. చూపు లేని ఓటరు తన ఓటు వేయించుకోవడానికి ఒకరిని తోడు తెచ్చుకోవచ్చు గాని, ఆ తోడు వచ్చిన మనిషికి 18 ఏళ్ళు నిండి ఉండాలని నిబంధన ఉంది. వయసు అడిగితే అతడు దాచకుండా పదిహేడు అన్నాడు. తన పింఛను కాగితాలు నింపేదీ, మందుల చీటీ చదివి ఏ పూట ఏ మాత్ర వేసుకోవాలో చెప్పేదీ వాడేనని, వాణ్ణే రానివ్వమని ఆ ముసలమ్మ నన్ను బతిమాలింది. అందుకు ఒప్పుకునే అధికారం నాకు లేదు. చివరికి వరుసలో ఉన్న దూరపు బంధువు ఒకాయన వచ్చి, ఓటు రహస్యం కాపాడతానని రాసి సంతకం పెట్టి, ఆమె చేత ఓటు వేయించాడు. ఆమె చెప్పిన గుర్తుకే ఆయన మీట నొక్కాడని నమ్మడం తప్ప ఆమెకు వేరే దారి లేదు. ఆ పిల్లవాడు అంతసేపూ గుమ్మం బయట నిలబడి లోపలికే చూస్తున్నాడు. తన ఓటు సంగతి అటుంచి, నాయనమ్మ ఓటు వేయించడానికి కూడా అతని వయసు చాలలేదు. నిబంధన ప్రకారమే నడుచుకున్నానని తెలిసినా, ఆ రోజు నుంచి నాకు ఆ నిబంధన మీద గౌరవం తగ్గింది.

"వాళ్ళకేం తెలుసు" అన్న మాట నేను నీ వయసు దాటిన కొత్తలోనే విన్నాను. మన దేశంలో మొదట ఓటు వయసు 21 ఏళ్ళు. 1988 డిసెంబరులో పార్లమెంటు 61వ రాజ్యాంగ సవరణను ఆమోదించడంతో, 1989 మార్చి 28 నుంచి అది 18 అయింది. ఆ నవంబరులో శాసనసభకూ లోక్‌సభకూ కలిపి ఎన్నికలు జరిగినప్పుడు నేను డిగ్రీ చదువుతున్నాను; నాకు పందొమ్మిదేళ్ళు. స్వస్తిక్ ముద్ర వేసిన బ్యాలెట్ కాగితాన్ని సిరా అంటకుండా ఎలా మడవాలో ముందురోజు రాత్రి రెండుసార్లు అభ్యాసం చేశాను. కాలేజీ కుర్రాళ్ళు ఎవరు సినిమాకు తీసుకువెళితే వాళ్ళకే వేస్తారని మీ తాతయ్య అన్నారు. అంతకు చాలా ముందు, 1951–52లో మొదటి సార్వత్రిక ఎన్నికల వేళ, అక్షరం రానివాళ్ళకు ఓటేమిటని అడిగినవారూ ఉన్నారు. అయినా అభ్యర్థికొక పెట్టె చొప్పున పెట్టి, పెట్టె మీద గుర్తు అంటించి, చదువురాని కోట్ల మంది చేత ఓటు వేయించారు. తెలివిని కొలిచి ఓటు ఇవ్వకూడదని ఈ దేశం అప్పుడే నిర్ణయించుకుంది. ఆ కొలబద్దను ఇప్పుడు నీ తోటివాళ్ళ మీద, అదీ నువ్వే ఎందుకు పెడుతున్నావో నాకు అర్థం కావడం లేదు.

నిజానికి మీకు తెలియకపోవడంలో మా తప్పే ఎక్కువ. రాజ్యాంగం, ఎన్నికలు, స్థానిక సంస్థలు అని తొమ్మిది, పది తరగతుల్లో నేనే పిల్లలకు పాఠం చెబుతాను. పదో తరగతి కాగానే ఎంపీసీ, బైపీసీ అంటూ సోషల్ పుస్తకాన్ని అటక మీద పెట్టిస్తాం, రెండేళ్ళు ర్యాంకు తప్ప మరో మాట వినబడనివ్వం, అదంతా మరిచిపోయాక పిలిచి ఓటు ఇస్తాం. పాఠం గుర్తున్నప్పుడే ఓటు కూడా చేతిలో ఉంటే, ఆ పాఠాన్ని మీరే మరోలా చదివేవారు.

ఇంకో లెక్క కూడా చూడు. పద్దెనిమిదికి ఓటు అని చట్టం చెబుతున్నా, ఎన్నికలు ఐదేళ్ళకు ఒకసారి వస్తాయి. మీ అన్నయ్యకు 2024 జూన్‌లో 18 నిండాయి. పోలింగు నెల ముందే అయిపోయింది. ప్రభుత్వాన్ని ఎన్నుకునే ఓటు వాడికి మళ్ళీ 2029లో, దాదాపు 23 ఏళ్ళ వయసులో గాని రాదు. ఇంజనీరింగు ఫీజులూ, ఉద్యోగ నోటిఫికేషన్లూ వాడి జీవితాన్ని నిర్ణయించే సంవత్సరాలన్నీ ఈలోపే గడిచిపోతాయి. పదహారుకే హక్కు ఉంటే ఇలాంటివారు ఎంత ఆలస్యమైనా 21 లోపు మొదటి ఓటు వేసేవారు.

బ్రెజిల్‌లో 1988 నుంచి పదహారేళ్ళవారు ఇష్టమైతే ఓటు వేయవచ్చు. ఆస్ట్రియా 2007లో వయసు తగ్గించింది. వియన్నాలో పరిశీలించినప్పుడు 16, 17 ఏళ్ళవారు 18–20 ఏళ్ళవారికంటే ఎక్కువగా ఓటు వేశారని తేలింది. ఇంట్లో, బడిలో ఉన్నప్పటి వయసుకూ, ఇల్లు విడిచి వెళ్ళిన కొత్తకూ ఉన్న తేడాయే అందుకు కారణమని నేను అనుకుంటున్నాను. స్కాట్లాండులో బ్రిటన్ నుంచి విడిపోవాలా వద్దా అని 2014లో పెట్టిన రెఫరెండంలో పదహారేళ్ళవారిని రానిచ్చాక వెనక్కు తీసుకోలేదు. బ్రిటన్ అంతటా అలాగే చేస్తామని అక్కడి ప్రభుత్వం ఈ జూలైలో ప్రకటించింది.

నాకు భయం లేదని అనను. ఊళ్ళో బైకుల ర్యాలీలకు పెట్రోలు పోయించి పదో తరగతి పిల్లలను తిప్పుతున్నవారిని నేను చూస్తున్నాను; ఓటు కూడా ఉంటే పార్టీలు బడి గేటు దగ్గరే కాపు కాస్తాయి. నోటు తీసుకున్న ఇంట్లో పెరిగే పిల్లకు మరో దారి తెలియకపోవచ్చు. అందుకే ముందు పంచాయతీ, మునిసిపల్ ఎన్నికల్లో పదహారేళ్ళవారికి ఓటు ఇవ్వాలని నా అభిప్రాయం. 18 ఏళ్ళు అని చెప్పే రాజ్యాంగం 326వ అధికరణం లోక్‌సభ, శాసనసభల ఎన్నికల గురించే మాట్లాడుతుంది. పంచాయతీ ఎన్నికల సంగతులపై చట్టం చేసే అధికారాన్ని 243-కె అధికరణం రాష్ట్ర శాసనసభకు ఇచ్చింది. ఇది కొత్త దారేమీ కాదు. స్థానిక ఎన్నికల్లో కొన్ని రాష్ట్రాలు అప్పటికే 18 ఏళ్ళకు ఓటు ఇస్తున్నాయని 1988 నాటి సవరణ బిల్లు ఉద్దేశాల్లోనే రాశారు. వీధి దీపం, మంచినీళ్ళ కుళాయి, బడికి వెళ్ళే రోడ్డు గురించి నీ వయసువాళ్ళకు తెలియదని ఎవరూ అనలేరు.

చర్చలో నువ్వు ఏ పక్షాన మాట్లాడినా నాకు అభ్యంతరం లేదు. ఆ పిల్లవాడి సంగతి మాత్రం చెప్పి, తర్వాత వద్దని వాదించు.

నీకు సెప్టెంబరులో 17 నిండాయి గనుక, ఓటరుగా పేరు నమోదుకు ఇచ్చే ఫారం 6 ముందుగానే ఇవ్వవచ్చు. వచ్చే ఏడాది 18 నిండాక అక్టోబరు 1 తేదీ లెక్కన నీ పేరు జాబితాలో చేరుతుంది. పదో తరగతి మెమో నకలు ఇక్కడ ఉంది. సంక్రాంతికి వచ్చేటప్పుడు పాస్‌పోర్టు సైజు ఫోటో ఒకటి తీసుకురా, మనిద్దరం కూర్చుని నింపుదాం.

ఇట్లు,
నాన్న