పదహారు మెట్ల ఫొటో

తాళ్ళరేవు,
ఆదివారం

చిరంజీవి పండుకి,

నాన్న ఆశీర్వదించి రాస్తున్నది. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. అమ్మ మోకాళ్ళ నొప్పి కాస్త నయం. చిట్టి పరీక్షలు అయిపోయాయి. కొబ్బరి దింపించాం, ధర ఫరవాలేదు. నీ దగ్గర నుంచి ఫోనొచ్చి పందొమ్మిది రోజులయింది. పనిలో తీరిక దొరికి ఉండదులే. దాని గురించి కాదు ఈ ఉత్తరం, ఊరికే రాయాలనిపించింది. పోస్టులో వేస్తాను, చిట్టి ఫొటో తీసి నీ ఫోనుకి కూడా పెడుతుంది.

మొన్న బీరువా సర్దుతుంటే నా సోషల్ నోట్సులు బయటపడ్డాయి. ముప్పై ఆరేళ్ళు ఊళ్ళో పిల్లలందరికీ చరిత్ర చెప్పాను, నా కొడుకు వెళ్ళిన దేశం గురించి వాడికి ఒక్క ముక్కా చెప్పలేదు. నువ్వు వెళ్ళేటప్పుడు వీసా, టికెట్టు, ఆవకాయ సీసా పగలకుండా కట్టడం, వీటితోనే సరిపోయింది.

ఆ మారిషస్ దీవిలో మొదట మనుషులే లేరు నాన్నా. 1598లో డచ్చివాళ్ళు దిగి, తమ రాకుమారుడు మారిస్ పేరు పెట్టారు. అక్కడి డోడో పక్షికి ఎగరడం రాదు, మనిషిని చూసి బెదరడమూ రాదు. వందేళ్ళు తిరక్కుండా ఒక్కటీ మిగల్లేదు. 1710లో డచ్చివాళ్ళు వదిలేసి పోతే 1715లో ఫ్రెంచివాళ్ళు పట్టుకున్నారు. మడగాస్కర్ నుంచి, ఆఫ్రికా నుంచి మనుషుల్ని బానిసలుగా తెచ్చి పొలాల్లో పని చేయించారు. 1810లో అది ఇంగ్లీషువాళ్ళ చేతికొచ్చింది. 1835లో బానిసత్వం రద్దయింది. మరి చెరకు నరికేదెవరు? అందుకని రద్దుకి ముందే, 1834 నవంబరు 2న అట్లాస్ అనే ఓడ కలకత్తా నుంచి 36 మంది కూలీలను అక్కడి పోర్ట్ లూయీ రేవులో దింపింది. ఆ తర్వాత దాదాపు నాలుగున్నర లక్షల మంది వెళ్ళారు. మన కోరంగి రేవులో ఓడెక్కినవాళ్ళూ వాళ్ళలో ఉన్నారు. అందుకే అక్కడ తెలుగువాళ్ళని 'కోరింగీ'లన్నారు. నువ్వు చిన్నప్పుడు మడ అడవిలో పడవెక్కి భయపడి ఏడ్చావే, ఆ కోరంగే. 1839 నవంబరు తుఫానుకి ఉప్పెన ముంచేశాక ఆ రేవు మళ్ళీ కోలుకోలేదు.

వాళ్ళది అయిదేళ్ళ ఒప్పందం. నెలకి అయిదు రూపాయలు. ఒక్క రోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోసేవారు, దాన్ని 'డబుల్ కట్' అనేవారు. ఒప్పందం తీరినవాడి జేబులో కూడా ఫొటో అంటించిన పాసు ఉండాల్సిందే, లేకపోతే జైలు. అందుకే అడుగుతున్నాను, నీ పాస్‌పోర్టు నీ దగ్గరే ఉందా? కాంట్రాక్టు కాగితం జెరాక్స్ తీసి వేరే చోట పెట్టు. చదవకుండా ఎక్కడా సంతకం చెయ్యకు. ఎవరైనా తొందరపెడితే రేపు చేస్తానని చెప్పు.

కరప పెళ్ళిలో సుబ్బు మావయ్య "మీవాడు ఆ హోటల్లో మానేశాడటగా" అన్నాడు. ఎవరు చెప్పారంటే ఎవరో అన్నారన్నాడు. నేను పట్టించుకోలేదు. అమ్మకి చెప్పలేదు.

నువ్వు పుట్టకముందు మా స్కూలుకి మారిషస్ నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. ఎవరో 'సోషల్ మేష్టారుంటారు' అని నా దగ్గరికి పంపారు. ప్లాస్టిక్ కవరులో ఒక కాగితం. అక్కడ మోకా అనే ఊళ్ళో ఉన్న మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో కూలీల రిజిస్టర్లు ఉన్నాయట, అందులోంచి రాయించుకున్న నకలు. ముత్తాత నంబరు, తండ్రి పేరు, వయసు 22, ఎత్తు, ఎడమ కనుబొమ మీద గాటు. ఊరి పేరు మాత్రం గుమాస్తా చెవికి ఎలా వినబడితే అలా ఇంగ్లీషులో రాశాడు. టీ కొట్టు దగ్గర పది మందిమి ఆ అక్షరాలు పది రకాలుగా పలికి చూశాం. ఒక్కోసారి ఒక్కో ఊరు వచ్చేది. ఆయన్ని స్కూటరెక్కించుకుని నాలుగూళ్ళు తిప్పాను. ఇంటిపేరు అడిగితే కాగితంలో లేదు. ఆయనకి తెలుగు రాదు, రామభజనం పాటలు మాత్రం నోటికొచ్చు. ఒక ఊరి చివర వేపచెట్టు కింద పసుపు పూసిన రాళ్ళు కనబడగానే నా భుజం గట్టిగా పట్టుకుని "అమ్మోరు, అమ్మోరు" అన్నాడు. అక్కడా అమ్మోరు పండగ చేస్తారట. సాయంత్రం కోరంగి కాలవగట్టు మీద కూర్చున్నప్పుడు ఇంగ్లీషులో అడిగాడు: "మా ముత్తాతకి రాయడం రాదు. ఒక్క కబురూ పంపి ఉండడు. ఆయన కోసం ఇక్కడ ఎవరైనా ఎదురుచూశారా?" నాకు నోట మాట రాలేదు. కాగితం మడిచి కవర్లో పెట్టుకుని కాకినాడ బస్సెక్కాడు.

ఈ పందొమ్మిది రోజులుగా ఆయనే గుర్తొస్తున్నాడు. నీకు రాయడం వచ్చు, చేతిలో ఫోనుంది. మెసేజీకి రెండు టిక్కులు పడుతున్నాయి, అంటే ఫోను ఆన్‌లోనే ఉంది, నువ్వే చూడడం లేదు. మానేసి ఉంటే మానేశానని చెప్పు. తిట్టను. కొబ్బరి డబ్బు కదపలేదు, టికెట్టుకి సరిపోతుంది.

1968 మార్చి 12న ఆ దేశానికి స్వాతంత్ర్యం వస్తే, ఒక కూలీ కొడుకు శివసాగర్ రామ్‌గులాం మొదటి ప్రధానమంత్రి అయ్యాడు. ఉగాదికి అక్కడ ప్రభుత్వ సెలవు. ఆ సెలవుకి నువ్వేం తిన్నావో కూడా చెప్పలేదు.

పోర్ట్ లూయీలో ఆప్రవాసీ ఘాట్ ఉంది, కూలీలు దిగి ఎక్కిన పదహారు మెట్లు ఇంకా ఉన్నాయి. ఆ మెట్ల మీద నిలబడి ఒక ఫొటో పంపు. మెట్లు చాలవు, నువ్వు పూర్తిగా కనబడాలి, చిక్కావో లేదో అమ్మ చూసుకుంటుంది. కరివేపాకు పొడి, కందిపొడి కట్టించి ఉంచాను. రూము మారావేమో, ఏ అడ్రసుకి పంపాలో చెప్పు. రాత్రుళ్ళు తల తడి ఆరకుండా పడుకోకు.

మనకి పదయితే మీకు ఎనిమిదిన్నర. పది దాటినా ఫరవాలేదు, నేను అరుగు మీదే ఉంటున్నాను.

నాన్న